వంటగది గట్టుకు చెక్క: ఎండ్ గ్రెయిన్ మేలా, ఎడ్జ్ గ్రెయిన్ మేలా?

చెక్క గట్టు వేయించుకోవాలనుకున్న ప్రతివాళ్లూ ముందు ఏ చెట్టు కలప మంచిదని అడుగుతారు. నన్నడిగితే అది రెండో ప్రశ్న. ముక్కల్ని ఏ వైపు పైకి పెట్టి అతికించారన్నదే మొదటిది.

మాంసం కొట్టే మొద్దును గుర్తు తెచ్చుకోండి. బోదెను అడ్డంగా కోసి నిలబెడతారు, కత్తి పడేది నార కొసల మీద. ఎండ్ గ్రెయిన్ అంటే అదే, కాకపోతే చిన్న చిన్న ముక్కల్ని నిలబెట్టి అతికిస్తారు. నిలబెట్టిన చీపురు కట్టలోకి వేలు పోనిచ్చినట్టు కత్తి అంచు నారల మధ్యకి దిగుతుంది, తీయగానే అవి మళ్లీ దగ్గరవుతాయి. గాట్లు తక్కువ, కత్తి పదును ఎక్కువ రోజులు నిలుస్తుంది. ఎడ్జ్ గ్రెయిన్‌లో పొడవాటి బద్దల్ని పక్కకి తిప్పి అతికిస్తారు. నార పడుకుని ఉంటుంది కాబట్టి ప్రతి కోతా దాన్ని తెంపుతుంది. కొన్నాళ్లకి ఉల్లిపాయలు తరిగే చోట గీతల మీద గీతలు పడి తెల్లబారిపోతుంది.

ఇంతవరకే చూస్తే ఎండ్ గ్రెయిన్‌దే గెలుపు. అసలు చిక్కు నీళ్లతో వస్తుంది. నార కొసలు తేమని స్ట్రాలా పీల్చుకుంటాయి. పైగా కలప తేమకి ఉబ్బేది నారకి అడ్డంగానే, పొడవునా దాదాపు కదలదు. ఎడ్జ్ గ్రెయిన్ గట్టు వెడల్పులో మాత్రమే కదులుతుంది. ఎండ్ గ్రెయిన్ గట్టు పొడవూ వెడల్పూ రెండూ కదులుతాయి. ఎనిమిది అడుగుల గట్టు మొత్తం అలా కదిలితే అతుకులు విచ్చుకోవడానికి ఎక్కువ కాలం పట్టదు. అందుకే కూరలు తరిగే చిన్న పీటకి ఎండ్ గ్రెయిన్, పొడవాటి గట్టుకి ఎడ్జ్ గ్రెయిన్ అంటాను. ఏది వేయించినా కింద స్క్రూల రంధ్రాలు కోలగా తీయించండి. బిగించేస్తే కదలడానికి చోటు లేక చెక్క పగులుతుంది.

ఇక కలప. గట్టిదనాన్ని జాంకా పరీక్షతో కొలుస్తారు. ఒక ఉక్కు గుండు సగందాకా చెక్కలో దిగడానికి ఎంత బలం కావాలో చూస్తారు. హార్డ్ మేపుల్‌కి సుమారు 1450 పౌండ్లు, వాల్‌నట్‌కి 1010. మేపుల్ రంధ్రాలు సన్నగా ఉంటాయి, మరకలు లోపలికి దిగవు. నా ఓటు దానికే. వాల్‌నట్ చూడముచ్చటగా ఉంటుంది, మెత్తన కాబట్టి గిన్నె జారిపడితే సొట్ట పడుతుంది. ఓక్ గట్టిదే, కానీ తడి ఇనప మూకుడు దాని మీద రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి నల్లటి వలయం. ఓక్‌లోని టానిన్లు, అంటే టీకి వగరు తెచ్చేలాంటి పదార్థాలు, ఇనుముతో కలిసి చేసే పని అది. టేకు నీళ్లకి బాగా తట్టుకుంటుంది గానీ అందులోని సిలికా, అంటే ఇసుకలో ఉండే గట్టి పదార్థం, కత్తి పదును తినేస్తుంది.

పూతలో వార్నిషా, నూనా? దాని మీదే తరిగేట్టయితే వార్నిష్ వద్దు. కత్తి గాటు పడ్డ చోట నీళ్లు పొర కిందికి పోయి అక్కడే నిలుస్తాయి. ఫుడ్ గ్రేడ్ మినరల్ ఆయిల్, అంటే తిండికి తగిలినా ఫర్వాలేని ఖనిజ నూనె, రాయండి. వంటనూనె రాస్తే ముక్కిపోయి వాసన వస్తుంది. నీటిచుక్క వేసి చూడండి: ముత్యంలా నిలిస్తే సరే, ఇంకి మచ్చ పడితే మళ్లీ నూనె రాయాల్సిందే.

చెక్కలో సూక్ష్మజీవులు దాక్కుంటాయని చాలామంది భయం. అమెరికాలో ఆహార సూక్ష్మజీవుల శాస్త్రవేత్త డీన్ క్లివర్ బృందం 1990ల్లో చేసిన పరీక్షల్లో బ్యాక్టీరియా చెక్క లోపలికి దిగిపోయి, క్రమంగా చచ్చిపోవడం కనిపించింది. గాట్లు పడ్డ ప్లాస్టిక్ పలకని చేత్తో శుభ్రం చేయడమే కష్టమైంది. అలాగని పచ్చిమాంసం గట్టు మీద కోయను. పీటనైతే సింక్‌లోకి ఎత్తి కడగొచ్చు, గట్టుని ఎత్తలేం కదా!

కాబట్టి నేను చెప్పే జోడీ ఇది: నూనె రాసిన మేపుల్ ఎడ్జ్ గ్రెయిన్ గట్టు, దాని మీద రెండున్నర అంగుళాల మందం ఎండ్ గ్రెయిన్ పీట, పచ్చిమాంసానికి విడిగా ఇంకో పలక. సింక్ చుట్టూ మాత్రం చెక్క పెట్టకండి, అక్కడ రాయే నయం.