జాన్ జోన్స్ ఎక్కడ? వేల్స్ సమాధి రాళ్లు, చాపెల్ పుస్తకాలు: చాలాకాలం వాడాక సమీక్ష

వేల్స్ మూలాలున్న కుటుంబం చరిత్ర తవ్వాలంటే చేతికందే పనిముట్లు రెండు: సమాధి రాయి, చాపెల్ పుస్తకం. చాపెల్ అంటే అధికారిక ఆంగ్లికన్ చర్చికి బయటి ప్రొటెస్టెంట్ శాఖల మందిరం. ఏళ్ల తరబడి రెండూ వాడాక తేలిందేమిటంటే, విడివిడిగా చూస్తే రెండూ దారి తప్పిస్తాయి. జోడించి చదివితే 1800 ప్రాంతం దాకా చాలా కుటుంబాలు దొరుకుతాయి. ఆ జోడింపుకు ముడి మనిషి పేరు కాదు, ఇంటి పేరు. మన అర్థంలో ఇంటిపేరు కాదండోయ్, నిజంగానే ఇంటికి పెట్టిన పేరు.

మన దగ్గర ఇంటిపేరు చెబితే ఊరూ వంశమూ కొంత తెలుస్తాయి. వేల్స్‌లో జోన్స్, డేవిస్, విలియమ్స్, ఎవాన్స్ అని చెప్పినా చెప్పకపోయినా ఒకటే. అక్కడ పాత పద్ధతిలో తండ్రి పేరే రెండో పేరు. డేవిడ్ ఆప్ హవెల్ అంటే హవెల్ కొడుకు డేవిడ్. కూతురైతే ఆప్ బదులు వెర్ఖ్. ఆప్ హవెల్ అరిగి పావెల్ అయింది, ఆప్ రీస్ ప్రైస్ అయింది, ఆబ్ ఓవెన్ బోవెన్ అయింది. పశ్చిమ, ఉత్తర వేల్స్ పల్లెల్లో ఈ పద్ధతి 19వ శతాబ్దం మొదట్లో కూడా సాగింది. అందుకే ఇవాన్ జోన్స్ తండ్రి ఇంకో జోన్స్ అనుకుని వెనక్కి వెళ్తే బోల్తా పడతారు. ఆయన జాన్ విలియమ్స్ అయ్యుండవచ్చు. జాన్ కొడుకు కాబట్టి ఇవాన్ జోన్స్ అయ్యాడు. పెళ్లయిన ఆడవాళ్లను పుట్టింటి పేరుతోనే చెక్కిన రాళ్లూ ఉంటాయి. భార్యాభర్తల పేర్లు వేరుగా ఉన్నాయని ఆ రాయిని వదిలేయకండి.

రాయి మీద పేరు కిందనో పక్కనో పెన్-అ-బ్రిన్, హెండ్రె, టీ నెవిద్ లాంటి మాట కనిపిస్తే అదే బంగారం. అది వాళ్ల ఇల్లు లేదా పొలం పేరు. జనాభా లెక్కల్లో, బాప్తిస్మపు పుస్తకాల్లో, వీలునామాల్లో, చాపెల్ చందా జాబితాల్లో మళ్లీ అదే పేరు తగులుతుంది. ఒక్క జాగ్రత్త: టీ నెవిద్ అంటే కొత్త ఇల్లు, అలాంటి కొత్త ఇళ్లు పక్కపక్క పారిష్‌ల్లో (ఒక్కో ఆంగ్లికన్ చర్చి పరిధిలోని ప్రాంతాల్లో) కూడా ఉంటాయి. 1836 చట్టం తర్వాత గీసిన దశమభాగపు పన్ను (చర్చికి కట్టే పదోవంతు) పటాలను వేల్స్ జాతీయ గ్రంథాలయం ఆన్‌లైన్లో ఉచితంగా పెట్టింది. ఏ పొలం ఎక్కడుందో, యజమాని ఎవరో, కౌలుదారు ఎవరో అందులో ఉంటుంది. ఆ ఇంటిని పటం మీద గుర్తించాకే తర్వాతి మెట్టు ఎక్కండి.

ఇక రాయి చదవడం. ఉత్తరాన పలకరాయి ఎక్కువ. రెండు వందల ఏళ్లయినా అక్షరం నిన్న చెక్కినట్టుంటుంది, కానీ పొరల్లోకి నీరు దిగి మంచుకు గడ్డకడితే మొత్తం పొర ఊడి పడిపోతుంది. దక్షిణాది ఇసుకరాయి మెల్లగా రాలుతుంది. పాలరాతిలో పొదిగిన సీసం అక్షరాలు ఊడిపోయినా మేకుల రంధ్రాలు మిగులుతాయి. వాటి అమరిక చూసి అక్షరం పట్టుకోవచ్చు. వైరు బ్రష్, బ్లీచ్, షేవింగ్ క్రీమ్, పిండి, సుద్ద: వీటిలో ఏదీ వద్దు. రాయి పాడవుతుంది, పైగా మరుసటి ఏడాది వచ్చినవాళ్లకు మీరు చదివినంత కూడా మిగలదు. మెత్తటి బ్రష్, మంచినీళ్లు చాలు. పొర లేస్తున్న పలకరాయికి అవీ వద్దు. అసలు సాయం చేసేది ఏటవాలు వెలుగు. ఒకరు మూడు నాలుగు మీటర్ల దూరంలో పక్కగా నిలబడి అద్దంతో ఎండను రాతి ముఖం వెంబడి పారిస్తే, ఉత్త కంటికి లేని అంకెలు తేలతాయి. మబ్బు పట్టిన రోజు, అక్కడ చాలా రోజులు అంతే, టార్చిని రాయి అంచుకు ఆనించి పట్టుకోండి. ముందు రాయి మొత్తం, తర్వాత ముక్కలు ముక్కలుగా, ఆపైన రెండు పక్కల రాళ్లు, వెనక వైపు కూడా ఫోటో తీయండి. పక్క రాయి చాలాసార్లు అల్లుడిదో అన్నదో అవుతుంది.

వెల్ష్ భాష రాకపోయినా పదిహేను మాటలు వస్తే పని జరుగుతుంది. ‘ఎర్ కోవ్ ఆమ్’ అంటే జ్ఞాపకార్థం, ‘బీ వారు’ చనిపోయారు, ‘మాబ్’ కొడుకు, ‘మెర్ఖ్’ కూతురు, ‘గ్వ్రైగ్’ భార్య, ‘హెవిడ్’ కూడా, ‘మ్లూయిద్ ఓయ్డ్’ ఏళ్ల వయసు. రాతి మీద ఒంటరి ఎఫ్ కనిపిస్తే దాన్ని ‘వ’గా పలకాలి. పేరు అరిగిపోయినా ‘అర్ హున్’ అని ఉంటే మగవాళ్లు, ‘అర్ హోన్’ అని ఉంటే ఆడవాళ్లు. ఈ చిన్న మాట చాలా రాళ్లను కాపాడింది. మెహెవిన్ జూన్, మెడి సెప్టెంబరు. కుదించి రాస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. అన్నిటికంటే తిప్పలు పెట్టేది మాట మొదటి అక్షరం మారిపోవడం. మన సరళాదేశం తెలిసినవాళ్లకు ఇది వింత కాదు. ‘బాంగోర్ నుంచి’ అంటే ‘ఓ వాంగోర్’, ‘బాంగోర్‌లో’ అంటే ‘అమ్ మాంగోర్’. వాంగోర్ అనే ఊరు కోసం పటమంతా వెతికితే దొరకదు మరి.

రాయి కింద నాలుగు పాదాల పద్యం, దాని కింద ఒక పేరు ఉంటే ఆ పేరు సమాధిలోని వ్యక్తిది కాదు. పద్యం ఎంగ్లిన్ అనే వెల్ష్ ఛందస్సు, పాదాలకు 10, 6, 7, 7 అక్షరాల లెక్కన మొత్తం 30. పేరు రాసిన కవిది, అదీ తరచు కలం పేరు.

తేదీలను గుడ్డిగా నమ్మకండి. భర్త పోయిన ఇరవై ఏళ్లకు భార్య పోతే, అప్పుడు ఇద్దరికీ కలిపి రాయి వేయించి ఉండవచ్చు. అక్షరాల తీరు మొత్తం ఒకేలా ఉంటే మొదటి తేదీ జ్ఞాపకం మీద చెక్కిందే. సముద్రంలో మునిగిపోయిన నావికుడి పేరు కూడా ఇంటివాళ్ల రాయి మీద ఉంటుంది, అక్కడి ఖనన పుస్తకంలో ఉండదు.

చాపెల్ పుస్తకాల వైపు వస్తే, ముందు ఏ శాఖో తేల్చుకోవాలి. బేతేలు, షాలేము, సీయోను, హోరేబు, ఎబెనెజరు: మన తెలుగు క్రైస్తవ మందిరాల పేర్లే అక్కడా. ఒకే పేరు వేర్వేరు శాఖలకూ ఉంటుంది కాబట్టి పేరును బట్టి ఏమీ తేలదు. వేల్స్ పురావస్తు కమిషన్ నడిపే కోవ్లైన్ అనే ఉచిత జాబితాలో చూసుకోండి. బాప్టిస్టులైతే పసిపిల్లల బాప్తిస్మాలు వెతకడం దండగ, వాళ్లు పెద్దయ్యాకే ఇస్తారు. కాల్వినిస్టిక్ మెథడిస్టులు ఆంగ్లికన్ చర్చి నుంచి విడిపోయి సొంత బోధకులకు అభిషేకం చేసింది 1811లో. అంతకుముందు వాళ్ల పిల్లలను సాధారణంగా పారిష్ చర్చి పుస్తకంలోనే వెతకాలి. పెళ్లిళ్లు 1754 నుంచి 1837 దాకా, క్వేకర్లనూ యూదులనూ మినహాయిస్తే, ఎవరివైనా ఆంగ్లికన్ చర్చిలోనే. ఖననాలూ చాలావరకు అక్కడే. చర్చి ఆవరణలో చాపెల్ వాళ్లు తమ పద్ధతిలో పాతిపెట్టుకునే హక్కు 1880 చట్టంతో వచ్చింది. అంటే పక్కా చాపెల్ కుటుంబానికి కూడా సగం రికార్డు ఎదుటి శిబిరంలో ఉంటుంది. కొత్తవాళ్లు తప్పేది ఇక్కడే.

1837 నాటికున్న చాపెల్ పుస్తకాలను ప్రభుత్వం అడిగి తీసుకుంది. అవి లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆర్‌జీ 4 అనే వరస కింద, తర్వాత ఇచ్చినవి ఆర్‌జీ 8 కింద ఉన్నాయి. అందరూ ఇవ్వలేదు. పుస్తకం తన సొంతమనుకుని ఊరు మారినప్పుడు వెంట తీసుకుపోయిన పాస్టర్లూ ఉన్నారు. తర్వాతివి జాతీయ గ్రంథాలయంలోనో, జిల్లా ఆర్కైవ్స్‌లోనో, ఇంకా చాపెల్ బీరువాలోనో ఉంటాయి.

మా దృష్టిలో అసలు నిధి బాప్తిస్మపు పుస్తకం కాదు, 19వ శతాబ్దం చివర్నుంచి చాపెల్‌లు అచ్చువేసిన వార్షిక నివేదిక. ఎవరు ఎంత కానుక ఇచ్చారో ఇంటింటి వారీగా ఉంటుంది. వరసగా పదేళ్లవి ముందు పెట్టుకుంటే పేరు ఎప్పుడు చేరిందో, ఎప్పుడు తప్పిందో కనబడుతుంది. తప్పిన ఏడాదే మరణమో, సభ్యత్వ బదిలీ ఉత్తరంతో దక్షిణాన గ్లామోర్గన్ బొగ్గు గనుల వైపు వలసో.

జనన మరణాల ధ్రువపత్రం కొనే ముందు ఇంకో పని. ఒకే మూడు నెలల్లో, ఒకే రిజిస్ట్రేషన్ జిల్లాలో నలుగురు జాన్ జోన్స్‌లు చనిపోయి ఉంటారు, ప్రభుత్వ మరణాల సూచికలో ఇంటి పేరు ఉండదు. జాతీయ గ్రంథాలయం ఉచిత పత్రికల సైట్లో ఆ ఇంటి పేరు కొట్టి మరణవార్త చూడండి. నాలుగు పత్రాల ఖర్చు ఒకటికి దిగుతుంది. 1858కి ముందు వేల్స్ చర్చి కోర్టుల వీలునామాలూ ఆ గ్రంథాలయం వెబ్‌సైట్లో ఉచితం. 1841 జనాభా లెక్కల్లో మాత్రం పదిహేను దాటినవాళ్ల వయసును అయిదు గుణకానికి తగ్గించి రాసేవారు, రాతితో సరిపోలలేదని కంగారు పడకండి.

ఊళ్లకు వెళ్లలేనివాళ్లకు గ్వినెడ్, క్లూయిడ్, డవెడ్, పొవిస్ లాంటి కుటుంబ చరిత్ర సంఘాలు రాళ్లను చదివి వేసిన ప్రతులు చాలా నయం. కొన్ని రాళ్లు ఇప్పుడు చదవలేని స్థితిలో ఉన్నాయి, ప్రతిలో మాత్రమే బతికున్నాయి. అయినా తప్పులుంటాయి, 3ని 8గా, 1ని 7గా, ఫోటోతో సరిచూసుకోండి. వెళ్లగలిగినవాళ్లు ముందుగా కోవ్లైన్లో చాపెల్ స్థితి చూడండి. మూతపడి ఇల్లుగా మారినవి ఎన్నో, సమాధులు ఎవరి పెరట్లోనో ఉంటాయి. యజమానికి ముందే ఉత్తరం రాసి, ఏ ఇంటి పేరు కోసం వస్తున్నారో అందులో చెప్పండి.