ఇనుప పట్టీ మానేసి మూడేళ్లు: పాలిస్టర్ పట్టీతో నా అనుభవం

చెన్నైలో లారీ గేర్‌బాక్సులను రీకండిషన్ చేసి నెల్లూరు, ఒంగోలు, విజయవాడ ఆటోనగర్‌లలోని మెకానిక్కులకు పంపడం మా పని. నెలకు ఎనిమిదో పదో పెట్టెలు మాధవరంలో రాత్రి లారీకి ఎక్కుతాయి. వాటిని కట్టడానికి ఇనుప పట్టీ మానేసి, పాలిస్టర్ పోగులను ప్లాస్టిక్ పూతలో పొదిగి చేసిన పట్టీకి మారి ఈ వేసవికి మూడేళ్లు నిండాయి. వెడల్పు, ఎంత బరువు ఆపుతుంది వంటి వివరాలు చుట్ట మీదనే ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. ఇన్నాళ్లుగా నన్ను దీనికి కట్టిపడేసిన గుణం ఒక్కటే: మనం బిగించిన బిగువు దారిలో సడలదు.

ఇనుప పట్టీతో నా పేచీ అంతా అక్కడే. మా వడ్రంగి తెచ్చే చెక్క సగం పచ్చిగానే ఉంటుంది. పెట్టె కట్టిన రోజు బిర్రుగా ఉన్న ఇనుప పట్టీ, చెక్క ఆరి కాస్త కుంచించుకోగానే వదులైపోతుంది. ఇనుము దాదాపు సాగదు కనుక, ఆ కాస్త ఖాళీని పూడ్చుకుంటూ దగ్గరకు రావడమన్నది దానికి చేతకాదు. పాలిస్టర్ బిగించేటప్పుడు కొంత సాగుతుంది, లోపల సరుకు సర్దుకున్నకొద్దీ తానూ వెనక్కి వస్తుంది. మొదట్లో నమ్మకం కుదరక ఒక పెట్టెను వారం రోజులు షెడ్డులోనే ఉంచి, రోజూ పొద్దున్నే పట్టీని వేలితో మీటి చూసేవాణ్ణి. ఏడో రోజున కూడా తంబూరా తీగలాగా మోగింది. పైగా విప్పేటప్పుడు ఇనుప పట్టీ కత్తెర పడగానే పాములా లేచి ముఖం మీదికి వస్తుంది. మా కుర్రవాడి ముంజేతి మీద దాని గుర్తు ఇప్పటికీ ఉంది. ఇది తెగితే అక్కడే వాలిపోతుంది. ఈ రెండూ చూసి మా వీధిలో నలుగురికి నేనే చెప్పి కొనిపించాను.

ఆ మాటలను కొంచెం సవరించుకోవలసి వచ్చింది. గత ఏడాది ఆషాఢంలో విజయవాడకు 150 కిలోల పైబడిన గేర్‌బాక్స్ ఒకటి పంపాము. నూనె పూర్తిగా దించి, రంధ్రాలన్నిటికీ బిరడాలు బిగించి, అడుగున చెక్క దిమ్మెల మీద కూర్చోబెట్టి, నాలుగు పట్టీలు వేశాము. మర్నాడు మధ్యాహ్నం అక్కడి మెకానిక్కు ఫోన్ చేసి, "మీ పట్టీ చెక్కు చెదరలేదండీ, లోపలి సరుకే చెదిరింది" అన్నారు. ఆయన పంపిన ఫొటోలో ఇన్‌పుట్ షాఫ్ట్ ముందు పలకను పొడుచుకుని జానెడు బయటికి వచ్చి ఉంది, బెల్ హౌసింగ్ (గేర్‌బాక్స్ ముందుండే గంట ఆకారపు తొడుగు) చెవి ఒకటి విరిగి పెట్టె అడుగున పడి ఉంది. డ్రైవరు ఎక్కడో గట్టిగా బ్రేకు వేసి ఉంటాడు. బిల్టీ (లారీ రసీదు) మీద సరుకు యజమాని బాధ్యత అని ఉంటుంది కాబట్టి పార్సిల్ ఆఫీసును అని లాభం లేదు, నిజానికి తప్పు వాళ్లదీ కాదు.

పట్టీలను తిరిగి తెప్పించుకుని చూస్తే ఒక్క పోగు తెగలేదు, కానీ పట్టీ కొసలను పట్టి ఉంచే తీగ కొక్కెం, అంటే బకిల్‌లో నుంచి నాలుగు వేళ్ల మేర జారాయి. అప్పటిదాకా వాడినవి నల్లగా, గరుకుగా ఉండే ఫాస్ఫేట్ పూత బకిల్స్. అవి అయిపోతే, అంగట్లో ఉన్నవి కదా అని తళతళలాడే జింకు పూతవి నేనే తెచ్చాను. ఈ పట్టీని ఆపేది ముడి కాదు, ఆ బకిల్ తీగ మీద రాపిడే. నున్నటి తీగ మీద, అందులోనూ మా కుర్రవాళ్ల నూనె చేతులు తగిలిన పట్టీకి, ఆ రాపిడి ఏం దొరుకుతుంది? సడలదని నేను ఊరంతా చెప్పిన మాట పట్టీ విషయంలో నిజమే, బకిల్‌కు మాత్రం వర్తించదు.

ఇంకొక పొరపాటు నాది. పట్టీ మీద నమ్మకంతో, గేర్‌బాక్స్‌కు ముందూ వెనకా అడ్డంగా దిమ్మెలు బిగించడం మానేశాము. ఇప్పుడు మళ్లీ స్క్రూలతో బిగిస్తున్నాము, పట్టీ పని సరుకును కిందికి అదిమి ఉంచడం వరకే. హౌసింగ్ పదును అంచుల దగ్గర పాత లారీ టైరు ఫ్లాప్ ముక్కలు పెట్టనిదే పట్టీ వేయనివ్వను, ఎందుకంటే ఇనుము ఓర్చుకునే అంచును ఇది ఓర్చుకోదు. ఆ తరువాత ఇప్పటివరకు ఒక్క ఫిర్యాదూ రాలేదు.

అయినా నావన్నీ ఒకే లారీలో ఒక్క రాత్రిలో చేరిపోయే పెట్టెలు, దించేవాళ్లు కూడా తెలిసిన మెకానిక్కులే. నాలుగు గోడౌన్లు మారుతూ వారాల తరబడి వెళ్లే సరుకున్నవారు నా మాట మీద ఒక్కసారిగా మారిపోకుండా, రెండు మూడు పెట్టెలతో చూసుకోవడం నయం. ఇంజిన్ బ్లాకు పంపవలసి వస్తే నేను కూడా గోడకు వేలాడుతున్న పాత టెన్షనరునే (ఇనుప పట్టీని బిగించే పనిముట్టు) దించుతాను, అది ఏడాదికి రెండుసార్లకు మించి దిగదు.