పై అంతస్తు చప్పుళ్లు: అద్దెకుండేవారికి ఏ దారి మేలు?

హైదరాబాదులో నిజాంపేట, మియాపూర్, మణికొండ వంటి చోట్ల ఐదంతస్తుల అపార్టుమెంట్లలో అద్దెకుండే కుటుంబాలకు పైనుంచి వచ్చే చప్పుడు నిద్ర చెడగొట్టే స్థాయికి చేరినప్పుడు నాలుగు దారులుంటాయి. పైవారితో తామే మాట్లాడడం, ఓనరు చేతనో అసోసియేషన్ చేతనో చెప్పించడం, పోలీసులకు ఫిర్యాదు చేయడం, ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోవడం. చాలామంది నెలల తరబడి ఓర్చుకుని, ఒక రాత్రి కోపం పట్టలేక మూడో దారిలోకి దిగుతారు, చివరికి నాలుగో దారి పడతారు. నా అభిప్రాయంలో అద్దెకుండేవారికి మొదటి దారికి ఉన్నంత బలం మిగిలిన వాటిలో దేనికీ లేదు. అయితే దాన్ని ఎప్పుడు, ఎలా వాడామన్నదాన్ని బట్టే ఫలితం ఉంటుంది.

ఏ దారి పట్టాలో తేల్చుకునే ముందు వినిపిస్తున్నది ఎలాంటి చప్పుడో గుర్తించాలి. టీవీ, పాటలు, మాటలు గాలి ద్వారా ప్రయాణించే శబ్దాలు. ఇవి కిటికీలు, తలుపుల సందుల నుంచే ఎక్కువగా వస్తాయి కనుక కిటికీ మూసినా కొంత తగ్గుతాయి. పిల్లల పరుగులు, మడమలు నేలకేసి కొడుతూ నడిచే నడక, డైనింగ్ కుర్చీలు లాగడం, నేల మీద పెట్టి తిప్పే గ్రైండరు, రోట్లో అల్లం వెల్లుల్లి దంచడం వేరే రకం. వీటిలో దెబ్బ నేరుగా స్లాబుకు తగిలి, కాంక్రీటు, గోడల గుండా కిందికి పాకుతుంది. మన అపార్టుమెంట్లలో ఐదారు అంగుళాల స్లాబు మీద టైల్స్ పరిచి వదిలేస్తారు, మధ్యలో దెబ్బను పీల్చుకునే మెత్తని పొర ఏదీ ఉండదు. అందుకే పైయింట్లో మామూలు నడకగా తోచేది కింద పడకగదిలో దబదబ మోతగా వినిపిస్తుంది. పైవారు ఎంత మర్యాదస్థులైనా ఈ సంగతి వారికి తెలిసే అవకాశం తక్కువ, ఎందుకంటే తమ ఇంటి కింద తమ చప్పుడు ఎలా ఉంటుందో విన్నవారు వారిలో ఎవరూ ఉండరు.

ఇంకో విషయం కూడా ముందే తేల్చుకోవాలి. కాంక్రీటులో శబ్దం పక్కలకూ పాకుతుంది కాబట్టి చప్పుడు సరిగ్గా నెత్తిమీది ఫ్లాటు నుంచే వస్తోందని అనుకోలేము. పక్క ఫ్లాటు పైనున్న ఇంట్లోని వాషింగ్ మెషిన్ కావచ్చు, గోళీలు దొర్లినట్టు వినిపించేది కొన్నిసార్లు నీళ్ల పైపుల్లోని ఒత్తిడి తేడా వల్ల పుట్టిన శబ్దమూ కావచ్చు. పైవారు ఊరెళ్లిన రోజుల్లో కూడా చప్పుడు ఆగలేదంటే మన నింద వేరొకరి మీద పడుతోందని అర్థం. ఏ సమయంలో, ఏ గదిలో, ఎలాంటి చప్పుడు వస్తోందో కొద్ది రోజులు తేదీలతో రాసి పెట్టుకుంటే ఈ సందేహం తీరుతుంది. తర్వాత ఏ దారిలో వెళ్లినా ఆ కాగితం పనికొస్తుంది.

నేరుగా మాట్లాడడానికి అనువైనది సెలవురోజు పగటి పూట. రాత్రి పదకొండింటికి తలుపు కొట్టినవారు ఎంత మెత్తగా మాట్లాడినా అది దెబ్బలాటకు వచ్చినట్టే అనిపిస్తుంది. "మీవాళ్లు ఒకటే గోల" అనడం కన్నా "మీ హాల్లో కుర్చీలు జరిపితే కింద మా పడకగదిలో చాలా గట్టిగా వినిపిస్తోందండీ, మీకు తెలిసి ఉండదని చెప్పడానికి వచ్చాను" అనడం మేలు. ఎందుకంటే మొదటి మాటకు వారు సంజాయిషీ ఇచ్చుకోవాలి, రెండో మాటకు చేయవలసిన పని కళ్ల ముందు ఉంటుంది. వీలైతే వారిని ఒకసారి కిందికి పిలిచి, వారింట్లోనే ఎవరినైనా మామూలుగా నడవమని చెప్పి వినిపించాలి. పది ఫిర్యాదులు చేయలేని పని ఆ రెండు నిమిషాలు చేస్తాయి. పెద్దావిడ ఉన్న ఇల్లయితే ఆడవాళ్లు వెళ్లి ఆవిడతో మాట్లాడడం మంచిది, ఇంట్లో గ్రైండరు ఎప్పుడు తిప్పాలో చాలా ఇళ్లలో నిర్ణయించేది ఆవిడే.

అడిగేది కూడా జరగగలిగినదై ఉండాలి. రెండేళ్ల పిల్లవాణ్ణి పరుగెత్తవద్దని ఎవరూ ఆపలేరు, చేతికర్రతో నడిచే తాతగారిని నడవవద్దని అడగడం న్యాయం కాదు. కానీ కుర్చీల కాళ్లకు రబ్బరు బుష్‌లు తొడగమని, గ్రైండరు కింద దళసరి రబ్బరు మ్యాట్ వేయమని, పిల్లలు ఆడుకునే చోట ఫోమ్ మ్యాట్లు పరచమని, ఇంట్లో మెత్తటి చెప్పులు వేసుకోమని అడగవచ్చు. కుర్చీ బుష్‌లు, రబ్బరు మ్యాటు ఖర్చులో చిన్నవే. అవసరమైతే వాటిని కింది వారే కొనిచ్చినా నష్టం లేదు. హైదరాబాదులో అమెరికా కంపెనీల షిఫ్టుల్లో పనిచేసేవారు చాలామంది ఉన్నారు, అర్ధరాత్రి రెండింటికి వంటింట్లో అలికిడి వారికి తప్పదు. అటువంటి ఇంటితో కుదిరేది సమయం గురించిన ఒప్పందం కాదు, చెప్పుల గురించి, కుర్చీల గురించిన ఒప్పందమే.

ఇక్కడే మరో పోలిక చూడాలి. కొందరు పైవారితో మాట పడడం ఇష్టం లేక తమ పడకగదికి ఫాల్స్ సీలింగ్ వేయించాలని చూస్తారు. ఆ డబ్బు ఎక్కువగా వృథా అవుతుంది. ఆ సీలింగును స్లాబుకే చువ్వలతో వేలాడదీస్తారు కనుక దెబ్బ వాటి గుండా దిగుతుంది, గోడల గుండా వచ్చేది ఎలాగూ ఆగదు. పైగా అది ఓనరు ఆస్తిలో కలిసిపోతుంది. చెవుల్లో పెట్టుకునే ఫోమ్ ప్లగ్గులు మిక్సీ, టీవీ శబ్దాలను బాగా తగ్గిస్తాయి గానీ అడుగుల దబదబను అంతగా ఆపవు. స్లాబు ద్వారా వచ్చే చప్పుడుకు పైన పరిచిన ఒక మ్యాటు చేసే మేలు కింద వేసిన సీలింగు చేయలేదు, ఆ మ్యాటు పైవారి ఇష్టంతో తప్ప పడదు. నేరుగా మాట్లాడడమే మేలనడానికి నాకున్న ముఖ్య కారణం ఇదే.

మాటలతో పని కానప్పుడు ఓనరా, అసోసియేషనా అన్న ప్రశ్న వస్తుంది. మన ఓనరుకు పైవారి మీద ఏ అధికారమూ లేదు, అయినా ఆయన ద్వారా వెళ్లక తప్పదు. తెలుగు రాష్ట్రాల్లో అపార్టుమెంట్లకు ఆధారమైన 1987 నాటి చట్టం సంఘాన్ని ఫ్లాటు యజమానుల సంఘంగానే చూస్తుంది. నెలనెలా మెయింటెనెన్స్ అద్దెకుండేవారు కట్టినా మీటింగులో చెల్లేది ఓనరు మాటే. అందువల్ల ఫిర్యాదును ఓనరు చేత సెక్రటరీకి రాతపూర్వకంగా పంపించాలి. వాట్సాప్ గ్రూపులో అందరి ముందు పెట్టిన ఫిర్యాదు పరువు సమస్యగా మారి, సర్దుకుపోదామనుకున్న మనిషిని కూడా మొండికేయిస్తుంది. డ్రిల్లింగ్ పనుల వేళలు, డాబా మీద పార్టీలు వంటి విషయాల్లో అసోసియేషన్ బాగా పనికొస్తుంది. నడక చప్పుడు విషయంలో అది చేయగలిగింది నచ్చజెప్పడమే. పైవారు కూడా అద్దెకున్నవారైతే వారి ఓనరుకు చెప్పించడం ఈ రెండింటికన్నా త్వరగా పనిచేయవచ్చు.

ఓనరే పైన ఉండే ఇళ్ల సంగతి వేరు. కింద పోర్షన్లు అద్దెకిచ్చి పైన తాముండే ఇళ్లు మన ఊళ్లలో ఎన్నో ఉన్నాయి. అక్కడ అసోసియేషన్ ఉండదు, పై అధికారి ఉండడు. అద్దె కడుతూ షరతులు పాటించే కిరాయిదారు ఆటంకం లేకుండా ఉండేలా చూస్తానని ఓనరు మాటిచ్చినట్టే భావించాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చెబుతుంది. అయితే అది ప్రధానంగా ఇంటి స్వాధీనానికి సంబంధించిన హామీ కనుక రోజువారీ చప్పుళ్ల మీద దాన్ని పట్టుకుని నిలబడడం కష్టం. మాటతో మారకపోతే అటువంటి ఇంట్లో పంతానికి పోకుండా వేరే ఇల్లు చూసుకోవడమే మంచిది.

పోలీసుల దారికి ఒక స్పష్టమైన హద్దు ఉంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ ప్రమాణం. రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 వరకు. ఇళ్లలోని సౌండ్ సిస్టమ్ మోత ఆ స్థలం సరిహద్దు దగ్గర ఈ ప్రమాణాన్ని 5 డెసిబెల్స్‌కు మించి దాటకూడదు. కనుక అర్ధరాత్రి డీజే పెట్టినా, డాబా మీద స్పీకర్లు మోగించినా 100కు గానీ 112కు గానీ ఫోన్ చేయడానికి వెనకాడనక్కరలేదు. చట్టం ఆ సందర్భానికి సరిగ్గా సరిపోతుంది. శబ్దం నుంచి విముక్తిని జీవించే హక్కులో భాగంగా చూస్తూ సుప్రీంకోర్టు 2005 జూలైలో ఇచ్చిన తీర్పు కూడా ప్రధానంగా లౌడ్‌స్పీకర్లు, బాణసంచా, హారన్ల గురించే.

అడుగుల చప్పుడుకు అదే చట్టం అక్కరకు రాదు. ఆ ప్రమాణాలు బయటి వాతావరణంలో కొంతసేపటి సగటును కొలిచేవి, దబ్బుమని క్షణంలో ముగిసే దెబ్బ ఆ సగటులో కలిసిపోతుంది. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన నేరాల చట్టమైన భారతీయ న్యాయ సంహితలోని 270, 292 సెక్షన్లు నలుగురికీ కలిగే ఇబ్బందికి, అంటే పబ్లిక్ న్యూసెన్స్‌కు, సంబంధించినవి. ఒక ఇంటికి మాత్రమే కలిగే ఇబ్బంది వాటిలో ఇమడడం కష్టం, ఇమిడినా 292 కింద పడే జరిమానా వెయ్యి రూపాయలకు మించదు. సివిల్ కోర్టులో దావా వేసే వీలుంది గానీ, పదకొండు నెలల అగ్రిమెంటుతో ఉంటున్న కుటుంబం ఆ దావా తేలేదాకా అదే ఇంట్లో ఉంటుందనుకోవడం కష్టం. ఇక పోలీసులు వచ్చి వెళ్లిన మర్నాటి నుంచి అదే లిఫ్టులో, అదే మెట్ల మీద ఒకరికొకరు ఎదురుపడాలి. ఆ తర్వాత మ్యాటు వేయమని అడగడానికి తలుపు తట్టే ధైర్యం మిగలదు.

ఇల్లు మారడం ఓటమి అనుకోవడం సరికాదు. దాన్ని లెక్క వేసి నిర్ణయించాలి. అడ్వాన్సులోంచి పెయింటింగ్ పేరిట కోసే మొత్తం, బ్రోకరు కమీషను, సామాను తరలింపు, నోటీసు కాలపు అద్దె కలిపితే సాధారణంగా రెండు మూడు నెలల అద్దెకు తక్కువ కాదు. స్కూలు మధ్యలో ఉంటే పిల్లల బస్సు రూటు కూడా మారుతుంది. మరోవైపు ఇంట్లో పసిబిడ్డ గానీ, బీపీ ఉన్న పెద్దవారు గానీ, రాత్రి షిఫ్టు చేసి పగలు నిద్రపోయేవారు గానీ ఉండి, రెండుసార్లు మర్యాదగా అడిగినా పైవారు బుష్‌లు తొడగడం వంటి చిన్న పని కూడా చేయలేదంటే, ఆ ఖర్చుకు వెనకాడవద్దనే చెబుతాను. పోయిన నిద్రను అడ్వాన్సులా తిరిగి రాబట్టుకోలేము.

మారేటప్పుడు చాలామంది పై అంతస్తే కావాలంటారు. నెత్తిన ఎవరూ ఉండరన్నది నిజమే గానీ, ఏప్రిల్, మే నెలల్లో ఎండకు కాగిన స్లాబు అర్ధరాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది, విజయవాడ వంటి ఊళ్లలో ఏసీ లేకుండా ఆ గదుల్లో పడుకోవడం కష్టం. లిఫ్టు మోటారు, నీళ్ల ట్యాంకుల పైపులు కూడా అక్కడే ఉంటాయి. పసిపిల్లలున్న ఇల్లయితే మధ్య అంతస్తు కన్నా కింద పార్కింగ్ మాత్రమే ఉండే మొదటి అంతస్తు మేలు, పిల్లల పరుగులు కింద ఎవరికీ వినిపించవు. పై చప్పుడు భయం ఉన్నవారు అడ్వాన్సు ఇవ్వకముందే రాత్రి తొమ్మిదింటి ప్రాంతంలో ఒకసారి వెళ్లి, ఫ్యాన్లు ఆపి, పడకగదిలో పావుగంట నిలబడి వినాలి. పైన ఎవరుంటున్నారో, ఇంతకుముందున్నవారు ఎందుకు ఖాళీ చేశారో వాచ్‌మన్‌ను అడగాలి.