జెటాగ్ చైన్‌లో చిప్‌ల గుర్తింపు: వీవాడోనా, ఓపెన్‌ఓసీడీనా?

ఫైనలియర్ ప్రాజెక్టుల కాలం వస్తే నెల్లూరు, కావలి, ఒంగోలు ఈసీఈ పిల్లలు ఇదే అడుగుతున్నారు: బోర్డు తగిలించగానే జెటాగ్ చైన్‌లో (చిప్‌లను పరీక్షించడానికి, ప్రోగ్రామ్ చేయడానికి వాటిని ఒకదాని వెంట ఒకటి కలిపే వరస) ఏ చిప్‌లున్నాయో స్క్రిప్టుతో తేల్చుకోవాలంటే వీవాడో (జైలింక్స్ చిప్‌ల సాఫ్ట్‌వేర్)లోని టీసీఎల్ స్క్రిప్టు భాష చాలా, ఓపెన్‌ఓసీడీ (ఓపెన్‌సోర్స్ జెటాగ్ సాఫ్ట్‌వేర్) నేర్చుకోవాలా?

అన్నీ జైలింక్స్ చిప్‌లే అయితే వీవాడో సుఖం. టార్గెట్ తెరిచి ‘గెట్ హెచ్‌డబ్ల్యూ డివైసెస్’ కమాండ్ కొడితే పేర్లు వచ్చేస్తాయి, అదే స్క్రిప్టుతో బిట్ ఫైలూ (చిప్‌లో నింపే మన డిజైన్) ఎక్కించుకోవచ్చు. మొత్తం వీవాడో అక్కర్లేదు, లైసెన్సు అడగని ల్యాబ్ ఎడిషన్ సరిపోతుంది. చైన్‌లో దానికి తెలియని చిప్ ఉంటే మాత్రం ఐఆర్ (చిప్‌లో జెటాగ్ ఆదేశాలు తీసుకునే రిజిస్టర్) పొడవు ఎన్ని బిట్లో మనమే చెప్పాలి.

నా వరకు తేల్చేది ఒక్కటే: మనం అనుకున్న చిప్ బదులు ఇంకొకటి ఉంటే ఎవరు చెప్తారు? వీవాడోలో ఆ పోలిక మనమే రాసుకోవాలి. ఓపెన్‌ఓసీడీలో ‘ఎక్స్‌పెక్టెడ్ ఐడీ’గా మనం అనుకున్న చిప్ ఐడీకోడ్ (గుర్తింపు నంబరు) ఇచ్చి పెడితే, తేడా రాగానే లాగ్‌లో ‘అన్‌ఎక్స్‌పెక్టెడ్’ అని అరుస్తుంది. అందుకే నా ఓటు దీనికే. అయితే అరిచాక ఆగదు, ఇచ్చిన చైన్‌తోనే ముందుకెళ్లడానికి ప్రయత్నిస్తుంది. కాబట్టి లాగ్‌లో ఆ మాట కనబడితే మీ స్క్రిప్టే ఆపెయ్యాలి.

ఇంకో చిక్కుంది. 32 బిట్ల ఐడీకోడ్‌లో పై 4 బిట్లు వెర్షన్, తర్వాతి 16 పార్టు, ఆ తర్వాతి 11 తయారీదారు, ఆఖరిది ఎప్పుడూ 1. జింక్ 7020 (ఆర్మ్ ప్రాసెసర్, మన డిజైన్ నింపుకునే ఎఫ్‌పీజీఏ రెండూ ఉన్న జైలింక్స్ చిప్) ఐడీకోడ్ ఒక బోర్డులో 03727093 అని, ఇంకో బోర్డులో 23727093 అని రావచ్చు. చిప్ అదే, రివిజన్ వేరు. ‘ఇగ్నోర్ వెర్షన్’ పెట్టకపోతే మంచి బోర్డునే తప్పు పడుతుంది.

చైన్ గురించి ఏమీ చెప్పకపోయినా ఓపెన్‌ఓసీడీ తనే వెతికి, కాపీ చేసుకోవడానికి వీలైన లైను ఇస్తుంది. అందులోని ఐఆర్ పొడవు ఊహ మాత్రమే, ఐడీకోడ్‌లో ఆ సమాచారం ఉండదు. బీఎస్‌డీఎల్ ఫైలు (చిప్ జెటాగ్ వివరాలతో తయారీదారు ఇచ్చేది) తెరిచి సరిచూసుకోండి. జింక్‌లో ఆర్మ్ వైపు 4, ఎఫ్‌పీజీఏ వైపు 6.

ఆల్టెరా (మరో ఎఫ్‌పీజీఏ కంపెనీ) బోర్డయితే ‘జెటాగ్‌కాన్ఫిగ్’ కమాండ్ కొట్టండి, చాలు. ఊరికే చూసుకోవడానికి ఓపెన్‌ఎఫ్‌పీజీఏలోడర్ అనే టూల్‌లోని ‘డిటెక్ట్’ కూడా పనికొస్తుంది.

విండోస్‌లో ఓపెన్‌ఓసీడీ కోసం జాడిగ్ అనే టూల్‌తో కేబుల్ డ్రైవర్ మారిస్తే, అదే కేబుల్ వీవాడోకి కనబడదు. రెండూ వాడే ల్యాబ్‌లో లినక్స్ ఉన్న పీసీ ఒకటి దీనికోసమే ఉంచుకోండి.