తాగుడు మానడానికి ప్రార్థన, ఏఏ కూడిక, ఆసుపత్రి: ఏది మేలు?

తాగుడుకు బానిసైన మనిషి మానుతానని నోరు విప్పి చెప్పిన రోజున, క్రైస్తవ కుటుంబం ముందు మూడు దారులు నిలుస్తాయి: సంఘం చేసే ప్రార్థన లేదా విశ్వాసం పునాదిగా నడిచే పునరావాస గృహం, తాగుడు మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుగా కలుసుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే ఏఏ కూడిక, ఆసుపత్రిలోని డీ-అడిక్షన్ విభాగం. ఒకదానిని పట్టుకుంటే మిగిలిన రెండింటిని వదిలేయాలని చాలామంది అనుకుంటారు. విశ్వాసిగా నా ఆందోళన వేరు. ఏది ముందు, ఏది తరువాత అన్న వరుస తప్పితే ప్రాణమే పోవచ్చు.

మొదటి వారం విషయంలో నాకు సందేహం లేదు, ఆసుపత్రే మేలు. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగినవాడు ఒక్కసారిగా ఆపితే, కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులు గడిచేసరికి కొందరికి లేనివి కనిపించి, వినిపించి, మతి చెదిరే డెలీరియం ట్రెమెన్స్ అనే స్థితి వస్తుంది. చికిత్స అందకపోతే అది ప్రాణాంతకం. గోడవైపు చూస్తూ ఎవరితోనో మాట్లాడుతున్న ఆ మనిషికి దయ్యం పట్టిందనుకుని ఉపవాస ప్రార్థనలో కూర్చోబెట్టడం, ఎంత ప్రేమతో చేసినా, ప్రమాదమే. పైగా దీర్ఘకాలం తాగినవారిలో థయమిన్ అనే బి1 విటమిన్ తరచుగా తగ్గిపోయి ఉంటుంది. అది మరీ లోపిస్తే మెదడు దెబ్బతింటుంది కనుక ఆ రోజుల్లో పస్తు పెట్టడం హానిమీద హాని. (అతనికి తెలియకుండా కూరలో తాగుడు మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్ర కలపడం కూడా అంతే ప్రమాదకరం, దానిమీద మద్యం పడితే రక్తపోటు, గుండె దెబ్బతినేంత తీవ్రంగా వికటించవచ్చు.)

ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చాక లెక్క మారుతుంది. నాల్ట్రెక్సోన్ వంటి మందు కోరికను తగ్గించగలదు గాని, సాయంత్రం పాత స్నేహితులు పిలిచే వేళకు పక్కన కూర్చునే మనిషిని తెచ్చి ఇవ్వలేదు. సంఘం ఇవ్వగలదు. నేను క్షమించబడ్డానన్న నమ్మకం సిగ్గుతో కుంగిపోయినవాణ్ణి నిలబెడుతుంది. ఇన్నేళ్లూ మౌనంగా భరించిన భార్యకు స్త్రీల కూడికలో కన్నీళ్లు పెట్టుకోవడానికి చోటు దొరుకుతుంది. ఈ బలాన్ని తక్కువగా చూసే వైద్యులతో నేను ఏకీభవించను.

అయితే మన సంఘాల్లో ఒక తొందరపాటు ఉంది. తాగుడు మాని మూడు వారాలు కాకముందే అతణ్ణి మైకు ముందు నిలబెట్టి విడుదల పొందిన సాక్ష్యం చెప్పిస్తాము. తరువాత ఒక రాత్రి అతను జారిపడితే, ఆ ఆదివారం మందిరం మెట్లు ఎక్కడానికి ముఖం చెల్లదు. సరిగ్గా అప్పుడే అతనికి సంఘం అవసరం. ఏఏ మేలు ఇక్కడే కనిపిస్తుంది. అక్కడ ఇరవై ఏళ్లుగా ముట్టనివాడు కూడా తనను తాను మద్యపాన వ్యసనపరుడిగానే పరిచయం చేసుకుంటాడు, ఈ ఒక్క రోజు తాగకుండా ఉంటే చాలని అనుకుంటాడు, పడినవాడు మరునాడే తిరిగి వచ్చి కూర్చోవచ్చు. పేరు బయటికి పొక్కదు.

ఏఏలో చెప్పే దేవుడు మన దేవుడు కాదని జంకే విశ్వాసులు ఉన్నారు. ఎవరికి వారు అర్థం చేసుకున్న దేవుడు అనే మాట అక్కడ ఉన్నది నిజమే. కాని 1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్ దానిని ప్రారంభించినప్పుడు, ఇద్దరూ ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ ఉద్యమంతో సంబంధమున్నవారే. తప్పులను దేవుని ఎదుటా మరొక మనిషి ఎదుటా ఒప్పుకోవాలన్నది ఏఏ పన్నెండు మెట్లలో ఒకటి, అది యాకోబు పత్రిక చదివినవారికి కొత్తది కాదు. ఇక ఫలితాల మాటకు వస్తే, 2020లో వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ ప్రచురించిన సమీక్ష 27 అధ్యయనాలను, పదివేలకు పైగా మనుషులను పరిశీలించి, ఏఏలో చేరేలా నడిపించే చికిత్స, పూర్తిగా మానివేసి నిలబడే విషయంలో, ఇతర చికిత్సలకన్నా కొంత మెరుగని తేల్చింది. ఆ లెక్కను విశ్వాసం పునాదిగా నడిచే పునరావాస గృహాలకు అన్వయించడం న్యాయం కాదు. ఆ సమీక్ష వాటి గురించి కాదు.

అలాంటి పునరావాస గృహంలో చేర్చాలనుకుంటే ముందు వెళ్లి చూడాలి. డాక్టరు రాసిన మందులు ఆపమనే చోటు, ముఖ్యంగా హెరాయిన్ వంటి మత్తు వ్యసనానికి చికిత్సగా బ్యూప్రెనార్ఫిన్ అనే మందు వాడుతున్నవారిని మానమనే చోటు, ఎంత భక్తి ఉన్నా వద్దు. ఆ చికిత్స మందు మానాక మత్తును తట్టుకునే శక్తి శరీరానికి తగ్గిపోతుంది కనుక, హెరాయిన్‌ను పాత మోతాదులో మళ్లీ తీసుకున్న రోజే మరణం సంభవించవచ్చు. గొలుసులతో కట్టేసే చోటైతే, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం దానిని నిషేధించింది.

కాబట్టి నా ఎంపిక ఇది: మొదట ఆసుపత్రి, అటుపైన వారంలో కొన్ని సాయంత్రాలు ఏఏ, ఆదివారం మందిరం, సాక్ష్యానికి కనీసం ఏడాది గడువు. పులిసిన ద్రాక్షారసంతో ప్రభువు బల్ల ఆచరించే సంఘమైతే, ఆ ఆదివారం రాకముందే పాస్టరుగారిని కలిసి, అతనికి మట్టుకు పండ్లరసం ఇవ్వగలరా అని అడగాలి.