డిప్లొమానా, డిగ్రీనా?

పసిపిల్లల టీచర్ కావాలని విదేశం వెళ్లేవాళ్లకు డిప్లొమా సాధారణంగా 2 ఏళ్లు, డిగ్రీ 3-4 ఏళ్లు. ఫీజు తేడా సంగతి చెప్పక్కర్లేదు.

నాకు డిప్లొమాలో నచ్చేది ప్రాక్టికమ్, అంటే పసిపిల్లల కేంద్రంలో నేరుగా పిల్లలతో చేసే శిక్షణ. ఏడుస్తున్న మూడేళ్ల పిల్లాడి ముందు మోకాళ్ల మీద కూర్చుని, వాడి కళ్లలోకి చూస్తూ మాట్లాడాలి. పరీక్షల కోసం నేర్చిన ఇంగ్లీషు అక్కడ సరిపోదు! ప్రాక్టికమ్‌కు ముందు పోలీస్ క్లియరెన్స్, టీకాల రికార్డు అడుగుతారు. డిగ్రీలోనూ ఇవి తప్పవు, కాకపోతే సిద్ధాంతం, పరిశోధన పాలు ఎక్కువ.

అసలు మెలిక దేశంలో ఉంది. కెనడాలోని ఒంటారియోలో గుర్తింపు ఉన్న డిప్లొమాతోనే ఎడ్యుకేటర్‌గా (పసిపిల్లల్ని చూసుకుంటూ నేర్పించే ఉద్యోగి) రిజిస్టర్ కావచ్చు. ఆస్ట్రేలియాలో డిప్లొమా ఎడ్యుకేటర్ ఉద్యోగానికి చాలు, టీచర్ హోదాకు మాత్రం మామూలుగా డిగ్రీ అడుగుతారు.

డబ్బు టెన్షన్ ఉంటే డిప్లొమాకే నా ఓటు. తర్వాత డిగ్రీ చేస్తే డిప్లొమాలోని ఎన్ని క్రెడిట్లు (చదివిన కోర్సులకు వచ్చే పాయింట్లు) అందులో కలుస్తాయో చేరకముందే రాయించుకోండి.