ఎనిమిది అడుగుల పాత రిమోట్ కంట్రోల్ స్టేర్‌మన్ బైప్లేన్: ఆరేళ్లు ఎగరేశాక నా రివ్యూ

ముందే ఒకటి చెప్పేస్తున్నా, గాల్లో ఇంజన్ ఆగితే బైప్లేన్ తేలుకుంటా రాదు, ఒకదాని మీద ఒకటి రెండు రెక్కలు, మధ్యలో వాటిని నిలబెట్టే ఊతలు (స్ట్రట్లు), తీగలు అన్నీ గాలికి అడ్డమే కాబట్టి గబగబా కిందికి దిగిపోద్ది. అందుకే పాతది సెకండ్‌హ్యాండ్‌లో కొనాలనుకునేవాళ్ళు పెయింట్ ఎట్టా ఉందో తర్వాత చూడండి, ముందు పెట్రోల్ ట్యాంకూ కార్బరేటరూ విప్పి చూడండి.

నాది నేల మీద నిలబడి రిమోట్‌తో ఎగరేసే క్వార్టర్ స్కేల్ స్టేర్‌మన్ మోడల్. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికా పైలెట్లు ట్రైనింగ్ తీసుకున్న విమానం, దానికి నాలుగో వంతు సైజు. బైప్లేన్ మోడల్‌కి 60 అంగుళాలో అంతకన్నా ఎక్కువో రెక్క ఉంటే జెయింట్ స్కేల్, అంటే పెద్ద మోడల్ అంటారు, దీని పై రెక్క 96. బరువు 13 కేజీలు, జెనోవా జీ-62 పెట్రోల్ ఇంజన్. చెన్నైలో ఒక పెద్దాయన దగ్గర కొని టాటా ఏస్‌లో నెల్లూరు తెచ్చుకున్నా.

ఎగిరేటప్పుడు దీని అందమే వేరబ్బా. చిన్న విమానాలు గాలికి ఎగిరెగిరి పడతాయి, ఇది బరువు మీద నిదానంగా పోద్ది, పసుపు రెక్కల మీద పొద్దుటెండ పడి తల మీదుగా దాటేటప్పుడు ఆ 62 సీసీ సౌండ్ గుండెల్లో వినపడుద్ది. కానీ నేర్చుకునేవాళ్ళకి పనికిరాదు. అసలు స్టేర్‌మన్‌లాగే దీనికీ ఎయిలెరాన్లు, అంటే విమానాన్ని పక్కకి వంచే రెక్క అంచు పలకలు, కింది రెక్కకే ఉంటాయి, అవొక్కటే తిప్పితే ముక్కు పక్కకి లాగుద్ది, తోక మీద నిలువు పలక, రడ్డర్, కూడా కలిపితేనే టర్న్ శుభ్రంగా వచ్చేది. టేకాఫ్‌లో థ్రాటిల్ ఒక్కసారిగా ఇస్తే ఎడమకి తిరిగిపోద్ది, నిదానంగా ఇస్తా కుడి రడ్డర్ పట్టుకోవాల. దిగేటప్పుడు కూడా చక్రాలు నేలకి తగిలేదాకా కొంచెం ఇంజన్ ఉంచాల్సిందే.

పోయిన సంక్రాంతి సెలవల్లో ఊరి బయట లేఔట్‌లో ఎగరేస్తుంటే, ఇళ్ళు ఇంకా లేవు, కంకర రోడ్డు తిన్నగా ఉంటది, అదే మా రన్‌వే, రెండో రౌండ్‌లో ముక్కు పైకెత్తగానే ఇంజన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఎట్టాగైనా రోడ్డు దాకా తెద్దామని ఎలివేటర్, అంటే ముక్కు పైకెత్తే తోక పలక, లాగేశా, అదే తప్పు, స్పీడు పడిపోయి ఊగింది, అప్పుడు ముక్కు కిందికి తోసి పక్కన మినుము చేలో దించేశా. చక్రాల స్టాండు ఊడిపోయింది, కింది రెక్క కొన విరిగింది. బాల్సా అనే తేలిక చెక్క, పల్చటి ప్లైవుడ్, ఎపాక్సీ జిగురుతో మూడు వారాలు పట్టింది అతికించేసరికి. స్టాండు మాత్రం ఆటోనగర్‌లో లేత్ షాపులో వెల్డింగ్ చేయించా.

ఆ మూడు వారాల్లో కారణం దొరికింది. ట్యాంక్ లోపల మెత్తటి పైపు చివర ఇత్తడి బరువు ఒకటుంటది, క్లంక్ అంటారు, విమానం ఎటు వంగినా పెట్రోల్ ఎటుంటే అటు పడాల. నా పైపు బిర్రబిగిసి కర్రలాగా అయిపోయుండాది, ముక్కు ఎత్తితే క్లంక్ కదలక గాలి పీలుస్తా ఉంది. కార్బరేటర్ మూత విప్పితే లోపలి పల్చటి పొర, డయాఫ్రమ్, కూడా అంతే, మెత్తగా గుడ్డలాగా వంగాల్సింది వేలు పెడితే అప్పడంలాగా కరకరమంది. ఆటోనగర్‌లోనే స్ప్రేయర్లు, గడ్డి కోసే మిషన్లు బాగుచేసే అన్న దగ్గరికి పట్టుకుపోయా. చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మన బ్రష్ కట్టర్ కార్బరేటర్ రకమే కదబ్బయా, కిట్ ఉందిలే" అన్నాడు. ఆయన వేసిన కిట్‌తోనే ఇప్పటికీ ఎగురుతుంది. పెట్రోల్ విమానం కొనడంలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే, ప్రాణం పోసేవాళ్ళు మన ఊళ్ళోనే ఉంటారు.

ఇప్పటి పెట్రోల్‌లో ఇథనాల్ 20 శాతం దాకా ఉంటది, అది తేమ లాగుద్ది, పాత రబ్బరుకి పడదు. అందుకని సాయంత్రానికి ట్యాంక్ ఖాళీ చేసి, కార్బరేటర్‌లో ఉన్నది అయిపోయి ఇంజన్ దానంతటదే ఆగేదాకా తిప్పుతా. పెట్రోల్ లీటరుకి 30 ఎంఎల్ టూటీ (టూ స్ట్రోక్) ఆయిల్ కలుపుతా. జీ-62కి స్కూటర్‌లాగా మాగ్నెటో ఉంటది, ఇగ్నిషన్‌కి వేరే బ్యాటరీ అక్కర్లేదు, ఆ ఒక్క తలనొప్పి తప్పింది.

ఇక మన సముద్రపు గాలి. మైపాడు వైపు ఒక వారం పెట్టొస్తే చాలు, రెక్కల మధ్య తీగల కొసల్లో గోధుమరంగు పొడి కనపడుద్ది. మొదటి ఏడాది నేను అది మట్టి అనుకుని తుడిచేశా, తుప్పు. ఇప్పుడు అన్నీ స్టెయిన్‌లెస్ తీగలు వేసి, ప్రతి ఫ్లైట్ ముందు ఒక్కో తీగ వేలితో మీటి వింటా, సౌండ్ తేడా వస్తే ఆరోజు ఎగరేయను.

బిగించడానికి నలభై నిమిషాలు పడుద్ది, ఎండాకాలంలో పది దాటితే గాలి లేస్తది, కాబట్టి ఆరున్నరకల్లా లేఔట్‌లో ఉండాల. ఎక్కడ ఎగరేసినా డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో అది గ్రీన్ జోనో (ఎగరేయనిచ్చే చోటో) కాదో ముందు చూసుకోండి. స్టార్ట్ చేసేటప్పుడు తోక పట్టుకోడానికి ఇంకో మనిషి ఉండి తీరాల, 22 అంగుళాల ప్రొపెల్లర్ ముందు ఒక్కళ్ళే నిలబడొద్దు. మా తమ్ముడు ఊళ్ళో లేని ఆదివారం నేను విమానం బయటికే తీయను.